పడవ ఇంజను దించడానికి సొంత గ్యాంట్రీ కడుతున్నారా?

పడవ లోపల బిగించి ఉండే (ఇన్‌బోర్డ్) డీజిల్ ఇంజను బయటికి తీసి దించాలంటే క్రేన్‌కే బోలెడు అవుతుంది. గ్యాంట్రీగా రెండు ‘A’ ఆకారపు కాళ్లు, పైన ఐ బీము (‘I’ ఆకారపు ఉక్కు దూలం), దానికి ఒక టన్ను చెయిన్ బ్లాకు (గొలుసు లాగి బరువెత్తే కప్పీ) పెట్టుకుంటే అర టన్ను లోపు ఇంజను నిదానంగా లేస్తుంది. బీము సైజు మాత్రం ఊహించి కొనకండి, కాళ్ల మధ్య దూరం, బరువు చెప్పి తెలిసిన ఫ్యాబ్రికేటర్‌తో లెక్క కట్టించండి.

చాలామంది పొరబడేది ఎత్తు దగ్గరే. పడవ అంచు ఎత్తుకి ఇంజను ఎత్తు కలిపి సరిపోయిందనుకుంటారు. చెయిన్ బ్లాకు పూర్తిగా ఎక్కినా రెండు కొక్కేల మధ్య అడుగు దాకా మిగులుతుంది, దాని కింద స్లింగు (ఇంజనును కొక్కేనికి తగిలించే తాళ్లు) మరో అడుగు తింటుంది. ఇవి కలపకపోతే ఇంజను సరిగ్గా అంచు దగ్గరే ఆగిపోతుంది.

ఎత్తు చాలలేదని స్లింగు పొట్టిది వేయొద్దు. రెండు తాళ్ల మధ్య కోణం 120 డిగ్రీలైతే ఒక్కో తాడు మీద ఇంజను మొత్తం బరువూ పడుతుంది, అదే 60 డిగ్రీల లోపు ఉంటే సగం కన్నా కాస్తే ఎక్కువ.

కాళ్లు విచ్చుకోకుండా కింద అడ్డంగా ఇనుప యాంగిల్ బిగించండి. ఇసుకలో అయితే ప్రతి కాలి కిందా మందపాటి చెక్క వేయాల్సిందే. ఇంజను గాలిలో ఉండగా గ్యాంట్రీని జరపకండి, వీలైతే పడవనే కింద నుంచి లాగండి. వేలాడే బరువు కింద ఎవరూ, ఒక్క క్షణం కూడా, ఉండకూడదు. ఉప్పుగాలికి వెల్డింగు అతుకులే ముందు తుప్పు పడతాయి, వాడే ప్రతిసారీ గీకి చూడండి.