అల్సర్ అనుమానమా? కారం కంటే ముందు మాత్రల డబ్బా చూడండి

కడుపులో మంట అనగానే ఎవరైనా చెప్పే మాట ఒకటే, కారం మానెయ్, టెన్షన్ పడకు అని. మానేస్తే కాస్త హాయిగా ఉంటుందేమో గానీ అల్సర్ పుట్టేది కారం వల్ల కాదు. పొట్ట లోపలి పొర మీదో, చిన్నపేగు మొదట్లోనో పడే పుండు ఇది, చాలావరకు దీనికి కారణాలు రెండే: హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా, నొప్పి మాత్రలు. అంత యాసిడ్‌లో క్రిమి ఎలా బతుకుతుందని ఒకప్పుడు డాక్టర్లే నమ్మలేదు. ఆస్ట్రేలియా డాక్టర్ బ్యారీ మార్షల్ 1984లో ఆ బాక్టీరియాని తనే తాగి, పొట్ట లోపలి పొరకి వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో ఆయనకీ, ఆయనతో కలిసి ఆ బాక్టీరియాని కనిపెట్టిన రాబిన్ వారెన్‌కీ నోబెల్ ఇచ్చారు.

ముందుగా ఈ మధ్య వేసుకున్న మాత్రలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, యాస్పిరిన్ లాంటివి ఉన్నాయా? పొట్ట గోడని యాసిడ్ నుంచి కాపాడే జిగురు పొర తయారవడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కావాలి, ఈ మాత్రలు వాటి తయారీనే తగ్గించేస్తాయి, పైగా రక్తంలో కలిశాక కూడా ఆ పని చేస్తాయి కాబట్టి "తిన్నాకే వేసుకున్నాగా" అన్న ధీమా పనికిరాదు. మామూలు నొప్పికి పారాసెటమాల్ చాలేమో డాక్టర్ని అడగండి. గుండె కోసం రాసిచ్చిన యాస్పిరిన్ మాత్రం సొంతంగా ఆపొద్దు.

నొప్పి సాధారణంగా బొడ్డుకి పైన, మంటగానో తొలిచినట్టుగానో ఉంటుంది. చిన్నపేగులో పుండైతే ఖాళీ కడుపున, అర్ధరాత్రి ఎక్కువై, ఏదన్నా తింటే తగ్గొచ్చు. పొట్టలోదైతే తిన్నాకే పెరగొచ్చు. అందరికీ ఇలాగే ఉండాలని లేదు. నొప్పి మాత్రలు వాడే పెద్దవాళ్ళలో కొందరికి అసలు నొప్పే లేకుండా నేరుగా రక్తస్రావం మొదలవుతుంది, నాకు భయం అనిపించేది అదే. తారులా నల్లగా జిగటగా విరేచనం, రక్తం లేదా కాఫీ పొడి లాంటి వాంతి, ఉన్నట్టుండి భరించలేని కడుపునొప్పి, వీటిలో ఏది కనిపించినా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి.

బాక్టీరియా ఉందో లేదో శ్వాస పరీక్షతోనో మల పరీక్షతోనో తెలుస్తుంది. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి యాసిడ్ తగ్గించే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, వాటిని సుమారు రెండు వారాలు ఆపకపోతే ఉన్న బాక్టీరియా కూడా లేనట్టు రావచ్చు. ఉందని తేలితే యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే మాత్ర కలిపి మామూలుగా 14 రోజులు ఇస్తారు. నాలుగో రోజుకి మంట తగ్గిందని ఆపేసేవాళ్ళుంటారు, మిగిలిన బాక్టీరియా మొండికేసేది అక్కడే. కోర్సు అయిన నాలుగు వారాల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించుకుంటే గానీ పోయిందో లేదో తెలియదు.

మళ్ళీ రాకుండా ఉండాలంటే సిగరెట్ మానాలి, అది పుండుని మాననివ్వదు. మద్యమూ తగ్గించాలి. తినేముందు చేతులు కడుక్కోవడం, శుభ్రమైన నీళ్ళు తాగడం ఎలాగూ తప్పదు. కీళ్ళనొప్పులకి రోజూ మాత్ర తప్పనివాళ్ళు పొట్టకి రక్షణగా ఇంకో మాత్ర కావాలేమో అడగాలి. ఇక పాలు తాగితే పుండు మానుతుందన్న నమ్మకం ఒకటుంది కదా, తాగిన కాసేపు చల్లగానే ఉంటుంది, తర్వాత యాసిడ్ ఇంకా ఊరుతుంది.