ఇంట్లోనే లిథియం ప్యాక్ – 4వ పాఠం: ఖాతా పుస్తకం

ఈసారి పనిముట్లు అక్కర్లేదు. రూళ్ల పుస్తకం, పెన్ను, ఫోనులో కాలిక్యులేటర్ ఉంటే చాలు. మొదటి పాఠం నుంచీ అందరూ అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: ఇంటి ఇన్వర్టరుకు లిథియం బ్యాటరీ ప్యాక్ సొంతంగా చేసుకుంటే డబ్బు మిగులుతుందా? మిగులుతుందని ఊరించి మీ చేత సెల్లు కొనిపించడం నాకు ఇష్టం లేదు. లెక్క వేసే పద్ధతి చెబుతాను. జవాబు మీ పుస్తకంలోనే తేలుతుంది.

కొలమానం

దుకాణంలో బ్యాటరీని ఏహెచ్‌లలో (ఆంపియర్-అవర్లు, అంటే ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే కొలత) అమ్ముతారు: 150 ఏహెచ్, 100 ఏహెచ్ అని. సీసం బ్యాటరీ అంకెనూ లిథియం అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చడమంటే వడ్ల బస్తానూ బియ్యం బస్తానూ ఒక్క గాటన కట్టడమే. ఏహెచ్‌ను వోల్టులతో గుణించండి, వాట్-అవర్లు వస్తాయి. అవి వెయ్యి అయితే కరెంటు బిల్లులో మనం చూసే ఒక యూనిట్.

మన ప్యాక్‌కు వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే దుకాణాల్లో ఎల్‌ఎఫ్‌పీ అనే రకం. ఒక్కో సెల్లు 3.2 వోల్టులు. నాలుగింటిని సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపితే 12.8. సెల్లు 100 ఏహెచ్‌ది అయితే మొత్తం 1280 వాట్-అవర్లు. అడుగు దాకా పిండకుండా పదో వంతు మిగుల్చుదాం, వాడుకోవడానికి 1152 ఉంటుంది. అందులో ఇన్వర్టరు తన వాటాగా 15 శాతం తినేస్తుందనుకుంటే ఇంటికి చేరేది దాదాపు 980. 75 వాట్ల పాత ఫ్యాన్లు రెండు, 9 వాట్ల బల్బులు నాలుగు వేస్తే 186 వాట్లు. ఐదు గంటలు దాటి నడుస్తాయి.

ఇప్పుడు ఇంట్లో ఉన్న 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, అంటే సీసం రకం. 12తో గుణిస్తే 1800. పైకి ఇదే పెద్దదిగా కనిపిస్తుంది. కానీ ఆ 150 అన్నది 7.5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు నిదానంగా తీస్తే వచ్చే అంకె. మన ఫ్యాన్లు, బల్బులు బ్యాటరీ నుంచి 18 ఆంపియర్లు లాగుతాయి, కాబట్టి అంత రాదు. పైగా సీసం బ్యాటరీని తరచుగా సగం కంటే కిందికి దించితే దాని ఆయుష్షు కరిగిపోతుంది. సగమే లెక్కలోకి తీసుకుంటే 900, ఇన్వర్టరు వాటా పోగా 765. నాలుగు గంటలకు కాస్త పైన. అంటే ఈ పనికి 100 ఏహెచ్ లిథియం 150 ఏహెచ్ సీసాన్ని దాటేసింది.

సీసం వైపు ఒక జమ కూడా రాసుకోండి. పాత ట్యూబులర్ బ్యాటరీని తూకానికి తీసుకుని కొత్తదాని ధరలో తగ్గిస్తారు. సచ్చిన లిథియం ప్యాక్‌కు మన వీధి చివర దుకాణంలో ఆ మర్యాద లేదు.

ఖర్చుల పేజీ

కింది రూపాయలు లెక్క నేర్పడానికి వేసుకున్నవి. సెల్లు ధరలు నిలకడగా ఉండవు, కాబట్టి మీరు కొనే రోజు ధర వేసుకోండి.

సెల్లు నాలుగు, ఒక్కోటి 4,500 చొప్పున 18,000. రవాణా 1,000. బీఎంఎస్ (సెల్లు హద్దు దాటితే ప్యాక్‌ను ఆపేసే కాపలా సర్క్యూట్) 2,500. ఫ్యూజు, దాని హోల్డరు 600. లావు తీగలు, వాటి చివర బిగించే లోహపు లగ్గులు 900. పెట్టె 1,200. మొత్తం 24,200. ఇదే సామర్థ్యమున్న తయారీ ప్యాక్ 29,000 అనుకుందాం. చాలామంది ఇక్కడే పుస్తకం మూసేసి, 4,800 మిగిలిందని ఇంట్లో చెప్పేస్తారు.

పేజీ తిప్పండి. లగ్గులు నొక్కే క్రింపింగ్ పనిముట్టు 1,800. మంచి మల్టీమీటరు 1,200. నాలుగు సెల్లనూ ముందుగా ప్యారలల్‌లో (ప్లస్‌లన్నీ ఒకటిగా, మైనస్‌లన్నీ ఒకటిగా) కట్టి 3.65 వోల్టుల దగ్గర సమం చేయడానికి పవర్ సప్లై 3,500. ఈ 6,500 కలిస్తే 30,700. కొన్న ప్యాక్ కంటే 1,700 ఎక్కువ. క్రింపింగ్ పనిముట్టు లేకుండా కటింగ్ ప్లేయర్‌తో లగ్గు నొక్కవచ్చు కదా అంటారు. నేనూ నొక్కాను. మూడు వారాల తర్వాత ఫ్యాన్లు తిరుగుతున్నప్పుడు పెట్టె దగ్గర కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. చూస్తే లగ్గు మెడ దగ్గర తీగ తొడుగు మెత్తబడి కారుతోంది. ఆ 1,800 మిగుల్చుకోవాలని మళ్లీ ఎన్నడూ అనిపించలేదు.

కాబట్టి మొదటి ప్యాక్‌లో మిగులు ఉండదు. రెండోదానికి పనిముట్లు ఉన్నాయి కాబట్టి అది 24,200కే అవుతుంది. తమ్ముడికీ పక్కింటివారికీ చేసిపెట్టేవాళ్లకు గిట్టుబాటు అవుతుంది, ఒక్కటి చేసి ఆపేసేవాళ్లకు కాదు.

ఇంకో వరుస ఉంది. కొన్న ప్యాక్‌తో వారంటీ కాగితం వస్తుంది. మన ప్యాక్‌కు వారంటీ మనమే. దానికి ధర కట్టడానికి నా పద్ధతి: ఒక అదనపు సెల్లు ధరను పక్కన పెట్టడం. 24,200కు 4,500 కలిపితే 28,700. ఇక తేడా మూడు వందలు. సెల్లు చెడకపోతే ఆ 4,500 మీదే, అది నిజం. కానీ దాన్ని ముందే జేబులో వేసుకుని లాభం అనకండి.

పేరుకు 100, కొలిస్తే ఎంత?

అసలు తేడా తెచ్చే వరుస ఇదే. సెల్లు మీద అచ్చేసిన అంకెను ఖాతాలో రాయకూడదు. కొలిచిన అంకె రాయాలి.

నేను కొలిచే తీరు మోటుగా ఉంటుంది. కారు హెడ్‌లైటుకు వాడే 55 వాట్ల హాలోజన్ బల్బులు రెండు తెచ్చి ఇటుకల మీద పెడతాను. అవి చేయి కాలేంత వేడెక్కుతాయి, చెక్క మీద పెట్టవద్దు. ప్యాక్‌కూ బల్బులకూ మధ్య ఏహెచ్ లెక్కించే చిన్న డీసీ వాట్‌మీటరు. రెండు బల్బులూ కలిసి ఎనిమిదిన్నర ఆంపియర్లు లాగుతాయి. నిజంగా 100 ఏహెచ్ ఉంటే పన్నెండు గంటలకు కొంచెం ముందు వరకు వెలగాలి. తెల్లవారి ఆరింటికి వెలిగించండి, సాయంత్రానికి తేలిపోతుంది. ప్రతి గంటకూ నాలుగు సెల్లు వోల్టేజీ విడివిడిగా రాసుకోవాలి.

నా మొదటి ప్యాక్ సాయంత్రం నాలుగు దాటగానే టక్కున ఆరిపోయింది. మీటరు మీద 87. మూడు సెల్లలో ఇంకా జీవం ఉంది. రెండో సెల్లు ఒక్కటే 2.5 వోల్టులకు జారిపోవడంతో బీఎంఎస్ మొత్తాన్నీ కోసేసింది. సిరీస్‌లో అంతే, బండి నడక కుంటి ఎద్దుదే. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, నాలుగుసార్లు ఛార్జి చేసి వాడితే అదే పెరుగుతుందన్నాడు. పదిసార్లు చేశాను. పెరగలేదు.

ఇప్పుడు భాగహారం చేయండి. 24,200ను పేరుకు ఉన్న 1280తో భాగిస్తే వాట్-అవర్‌కు 18 రూపాయల 90 పైసలు. 87 ఏహెచ్‌కు వచ్చేది 1114 వాట్-అవర్లే. దానితో భాగిస్తే 21 రూపాయల 70 పైసలు దాటింది. తయారీ ప్యాక్ 29,000ను 1280తో భాగిస్తే 22 రూపాయల 65 పైసలు. నాలుగు రూపాయల చౌక కాస్తా రూపాయికి దిగింది. న్యాయంగా చూస్తే తయారీ ప్యాక్‌నూ ఇలాగే బల్బులు పెట్టి కొలవాలి. కాకపోతే అది తక్కువ చూపిస్తే తిరిగి ఇవ్వడానికి ఒక బిల్లు చేతిలో ఉంటుంది.

పాత లాప్‌టాప్ సెల్ల సంగతి

ఇవి 18650లు, అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. చౌకగా దొరుకుతాయని వీటి మీద మోజు. సెల్లుకు సగటున 2000 ఎంఏహెచ్ మిగిలిందనుకుంటే 3.6 వోల్టుల దగ్గర 7.2 వాట్-అవర్లు. మన 1280కి 178 సెల్లు కావాలి. నాలుగింటిలో ఒకటి పనికిరాదనుకుంటే 238 తేవాలి. ఒక్కోదాన్నీ నింపి, ఖాళీ చేసి కొలిచి, మళ్లీ నింపాలి. నాలుగు గదుల ఛార్జరులో రోజుకు ఒక విడత తెమిలితే రెండు నెలలు. ఇంత చేశాక కూడా ఇన్వర్టరుతో పొత్తు కుదరదు. మూడు సిరీస్‌లో పెడితే నిండుగా 12.6 వోల్టులు, నాలుగు పెడితే 16.8. మొదటిది చాలదు, రెండోది మితిమీరుతుంది. టార్చిలైటుకో చిన్న స్పీకరుకో వాడుకోండి.

స్కూటరుకు సొంత ప్యాక్ గురించి ఈ పాఠాల్లో ఒక్క ముక్క కూడా ఉండదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో, విజయవాడలో ఇంట్లో పేలి ప్రాణాలు తీసినవి కంపెనీలు చేసిన స్కూటర్ బ్యాటరీలే. ఆ ఏడాది అగ్నిప్రమాదాల తర్వాతే విద్యుత్ వాహనాల బ్యాటరీల భద్రతకు ఉన్న ఏఐఎస్-156 ప్రమాణాన్ని బిగించారు. అలాంటి పరీక్షలేవీ దాటని ప్యాక్‌ను సీటు కింద పెట్టుకోవడం లాభనష్టాల లెక్కలోకి వచ్చే విషయం కాదు.

మరి సొంత ప్యాక్‌కు లాభం ఎక్కడ? మరమ్మతులో. రెండేళ్ల తర్వాత బీఎంఎస్ పోతే నాకు అయ్యేది 2,500, అరపూట పని. అతికించి మూసేసిన ప్యాక్‌కు వారంటీ దాటాక అదే జబ్బు వస్తే, చాలాచోట్ల మొత్తం మార్చమంటారు. నా రెండో సెల్లు సంగతీ అంతే. దాన్ని తీసి వేరేది వేశాక ప్యాక్ 98 చూపించింది.

వచ్చే పాఠానికి ముందు

మీ ఖర్చుల పేజీ రాయండి, పనిముట్ల వరుస వదలకుండా. తర్వాత, ఇంట్లో ఇన్వర్టరు ఇప్పటి బ్యాటరీని నింపుతున్నప్పుడు టెర్మినళ్ల మీద మల్టీమీటరు పెట్టి, నిండబోయే సమయంలో ఎంత వోల్టేజీ చేరుతోందో చూడండి. మన నాలుగు సెల్ల హద్దు 14.6. ఇన్వర్టరులో బ్యాటరీ రకం మార్చే స్విచ్చు ఉంటే, ఏ స్థానంలో ఎంత వస్తోందో విడివిడిగా రాసుకోండి. ఏ స్థానంలోనూ 14.6 లోపల ఆగకపోతే ఖర్చుల పేజీ చివర ఒక వరుస ఖాళీ ఉంచండి. కొత్త ఇన్వర్టరు ధర అక్కడికి వస్తుంది.