కరెన్సీ ట్రేడింగ్ రోబో (మన బదులు తనే ట్రేడ్లు పెట్టే ప్రోగ్రామ్) కొనేముందు జాగ్రత్తలు

• ముందు బ్రోకర్ సంగతి తేల్చుకోండి. మన దేశంలో ఉంటూ విదేశీ బ్రోకర్‌కి మార్జిన్ డబ్బు (ట్రేడ్ కోసం పెట్టే డిపాజిట్) పంపడం ఫెమా (విదేశీ మారక చట్టం) ఉల్లంఘన. ఆర్‌బీఐ 2022 సెప్టెంబరు నుంచి అనుమతి లేని ఫారెక్స్ సంస్థల అలర్ట్ లిస్ట్ పెడుతోంది, చూడండి. అందులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు.

• స్క్రీన్‌షాట్లు నమ్మొద్దు. లైవ్ ఖాతా ఇన్వెస్టర్ పాస్‌వర్డ్ అడగండి. దాంతో ట్రేడ్లు చూడొచ్చు, పెట్టలేం కాబట్టి అమ్మేవాడికి నష్టమేమీ లేదు. ఇవ్వనంటే అక్కడితో బేరం ఆపేయండి.

• హిస్టరీలో లాట్ సైజు (ట్రేడ్ పరిమాణం) కాలమ్ చూడండి. 0.01, 0.02, 0.04, 0.08 అని రెట్టింపవుతుంటే అది మార్టింగేల్, అంటే నష్టం వచ్చినప్పుడల్లా పందెం రెట్టింపు చేయడం. ఎనిమిదో మెట్టుకి మొత్తం 2.55 లాట్లు తెరిచి ఉంటాయి. యూరో-డాలర్‌లో అప్పుడు ఒక్కో పిప్‌కి (ధరలో 0.0001 మార్పు) 25.5 డాలర్లు, ఇంకో 20 పిప్‌లు ఎదురు తిరిగితే 510 డాలర్లు గల్లంతు. నెలల తరబడి నున్నగా పైకి పోయే గ్రాఫ్ వెనక సాధారణంగా ఉండేది ఇదే.

• బ్యాక్‌టెస్ట్‌లో (పాత ధరల మీద చేసే పరీక్ష) స్ప్రెడ్ (కొనే, అమ్మే ధరల తేడా) ఎంత పెట్టారో అడగండి. ఒక్కో ట్రేడ్ సగటు లాభం 3 పిప్‌లే అయితే, అదనంగా 2 పిప్‌ల స్ప్రెడ్ పడగానే మిగిలేది ఒక్కటే.

• 2015 జనవరి 15న స్విస్ ఫ్రాంక్ ఎగిరినప్పుడు చాలా స్టాప్‌లాస్‌లు (నష్టం హద్దు దాటకుండా ట్రేడ్ మూసే ఆర్డర్లు) పెట్టిన ధర దగ్గర అమలు కాలేదు. స్టాప్‌లాస్ ఉందనేది పూర్తి భరోసా కాదు.

• డీఎల్ఎల్ (బయటి ప్రోగ్రామ్ కోడ్) అనుమతి అడిగే ఫైలైతే కారణం తెలియకుండా టిక్ పెట్టొద్దు.

• కొన్నాక మూడు నెలలు డెమో ఖాతాలోనే (ఉత్తుత్తి డబ్బుతో) నడపండి.