పనిచేసి అలిసిపోయే ఇంట్లో కుటుంబ ప్రార్థన నిలబెట్టుకోవడం ఎలా?

పత్తి ఏరే రోజుల్లో నల్గొండ పల్లెల్లో అమ్మ ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. పాలమూరు వైపు చాలా ఇళ్లలో నాన్న హైదరాబాద్‌లోనో ముంబైలోనో కూలి పనిలో ఉంటాడు. ఇలాంటి కతోలిక ఇంటికి రోజూ గంటసేపు ప్రార్థన అంటే వారం కూడా నిలవదు. ఇంకో సంగతి, చాలా పల్లెలకు ఫాదర్ గారు ప్రతి ఆదివారం రాలేరు. ఆయన రాని వారం ఉపదేశి గారే (ఊళ్లో విశ్వాసం నేర్పే పెద్ద) ప్రార్థన నడిపిస్తారు. కాబట్టి పిల్లలకు విశ్వాసం అబ్బేది ముందుగా ఇంట్లోనే. కతోలిక బిషప్పుల రెండో వాటికన్ మహాసభ 1964లో కుటుంబాన్ని 'గృహ సంఘం', అంటే ఇంట్లోని చిన్న చర్చి, అన్నది అందుకే.

ముందు వేళ ఖాయం చేయండి. గడియారం చూసి కాదు, ఇంట్లో రోజూ జరిగే పనిని పట్టుకుని. రాత్రి అన్నం తిన్నాక, టీవీ పెట్టకముందు అనుకోండి. పది నిమిషాలు చాలు.

ఏం చెప్పుకోవాలి? సిలువ గుర్తు, పరలోక జపం, జపమాలలో ఒక్క పది (అంటే మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం పదిసార్లు), చివర త్రిత్వ స్తోత్రం (పిత, పుత్ర, పవిత్రాత్మలకు మహిమ చెప్పే చిన్న జపం). ఆ పది చెబుతూ తలచుకునే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలనే రహస్యాలు అంటాం. సోమ, శనివారాలు సంతోష రహస్యాలు. మంగళ, శుక్రవారాలు దుఃఖ రహస్యాలు. బుధ, ఆదివారాలు మహిమ రహస్యాలు. గురువారం వెలుగు రహస్యాలు, వీటిని రెండో జాన్ పాల్ పోపు గారు 2002లో చేర్చారు. రోజుకు ఒక్క రహస్యమే తీసుకుని, ఆ ఘట్టాన్ని పిల్లలకు రెండు మాటల్లో చెప్పండి. మొదలుపెట్టే పని చిన్నవాళ్లకు ఇవ్వండి. మంగళవార్త జపంలో మాట తప్పితే మధ్యలో ఆపి దిద్దకండి.

దూరంగా ఉన్నవాళ్లను కలుపుకోండి. నాన్నకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టండి. ఆయన ఒక్క పరలోక జపం చెప్పినా చాలు. లైన్ దొరకని రోజు పేరు పెట్టి ఆయన కోసం ప్రార్థించండి. నాన్న కూడా దేవుణ్ణి నమ్ముకునే బతుకుతున్నాడని పిల్లలకు ఆయన గొంతులోనే తెలియాలి.

కష్టం దాచకండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. బోరు ఎండిపోయినప్పుడు, అప్పు మీద పడ్డప్పుడు పెద్దవాళ్ల టెన్షన్ పిల్లలకు తెలియకుండా పోదు. 'దేవుడు రేపే వాన కురిపిస్తాడు' అని మాటివ్వకండి. వాన రాకపోతే వాన మీదే కాదు, దేవుడి మీదా నమ్మకం పోతుంది. దానికి బదులు ఉన్నమాటే దేవుడికి చెప్పుకోండి: 'ప్రభువా, ఈసారి పంట పోయింది, మాకు భయంగా ఉంది, మాతో ఉండు.' పదమూడో కీర్తన 'ఎంతకాలం ప్రభూ' అనే మొర తోనే మొదలై, నమ్మకంతో ముగుస్తుంది. పిల్లల ముందు అలా మొరపెట్టుకుంటే విశ్వాసం తగ్గదు. అంతా మంచే జరుగుతుందని అనుకోవడం నిరీక్షణ కాదు, ఏం జరిగినా ప్రభువు మన చెయ్యి వదలడని నమ్మడం నిరీక్షణ. ఆ తర్వాత ఆ రోజు దొరికిన మేలు ఒక్కటి ప్రతి ఒక్కరూ చెప్పాలి. పక్కింటివాళ్లు ఇచ్చిన కూర గురించైనా సరే.

గొడవపడ్డ రోజు ప్రార్థన మానేయకండి. కుటుంబానికి మూడు మాటలు కావాలని ఫ్రాన్సిస్ పోపు గారు తరచూ చెప్పేవారు: అనుమతి అడగడం, థాంక్స్, సారీ. వీటిలో సారీ ముందు పెద్దవాళ్ల నోట రావాలి. అమ్మానాన్నలు పిల్లల ఎదుట ఒకరికొకరు ఆ మాట చెప్పుకుంటే, పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందడం) అంటే ఏమిటో సత్యోపదేశం క్లాసులో పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుంది.

పండుగల్ని వాడుకోండి. క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలంలో వారానికో కొవ్వొత్తి పెంచుతూ వెలిగించండి. ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలం శుక్రవారాల్లో, యేసు శ్రమల్ని తలచుకునే సిలువ మార్గం ప్రార్థనకు అందరూ కలిసి వెళ్లండి. చనిపోయినవాళ్లను తలచుకునే నవంబరు 2న సమాధుల దగ్గర పూలు పెట్టి ఊరుకోకుండా, తాతమ్మలు, తాతయ్యల పేర్లు, వాళ్లు ఎలా బతికారో పిల్లలకు చెప్పండి. ఉత్థానం మీద మన నమ్మకం వాళ్లకు అక్కడ బాగా అందుతుంది.

పదో తరగతి దాటిన పిల్లలు కూర్చోనంటే బలవంతం వద్దు, తిట్టొద్దు. నాన్నకు ఫోన్ కలిపే పని, శనివారం రాత్రి మర్నాటి సువిశేషం చదివే పని వాళ్లకు అప్పగించండి. పది రోజులు ప్రార్థన ఆగిపోయినా, పోయిన రోజుల లెక్క తీయకుండా ఆ రాత్రే పరలోక జపంతో మళ్లీ మొదలుపెట్టండి.