ఎంజీబీ మరమ్మతు పాఠాలు - 4: స్టార్టర్ మోటార్ మార్చడం

పోయిన పాఠంలో బ్యాటరీల సంగతి చూశాం. అవి బాగున్నా తాళం తిప్పితే ‘టక్’మని ఆగిపోతోందా? అయినా స్టార్టర్‌ని (ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటార్‌ని) అప్పుడే విప్పకండి. ఎంజీబీ అనే ఈ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు కాబట్టి ఇంజిన్‌ని బాడీకి కలుపుతూ ఒక ఎర్త్ పట్టీ ఉంటుంది. అది తుప్పు పట్టినా, వదులైనా మోటార్‌కి చాలినంత కరెంటు అందదు. స్టార్ట్ చేయబోయినప్పుడల్లా చోక్ కేబుల్ వేడెక్కుతోందంటే, పట్టీలో పోవాల్సిన కరెంటు అటు పోతోందన్నమాట. జంపర్ కేబుల్‌తో ఇంజిన్ లోహాన్నీ బాడీ లోహాన్నీ కలిపి మళ్లీ తాళం తిప్పండి. ఇంజిన్ చురుగ్గా తిరిగితే మోటార్ జోలికి పోనక్కర్లేదు, పట్టీ మారిస్తే చాలు. ఈ చిన్న పరీక్ష చేయకుండా మంచి మోటార్లని పారేస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీలన్నిటికీ ఒకే స్టార్టర్ కాదు. మొదటి కార్లలో ఇనర్షియా రకం మోటార్ (తిరిగే ఊపుకే దాని పళ్లచక్రం జరిగి ఇంజిన్‌ని పట్టుకుంటుంది), దాని సోలనాయిడ్ (తాళం తిప్పగానే మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్) విడిగా ఉంటుంది. 1967 చివర్లో మార్క్ 2 వచ్చాక ప్రీ-ఎంగేజ్డ్ రకం (పళ్లచక్రాన్ని సోలనాయిడే ముందుకి నెడుతుంది) వచ్చింది, సోలనాయిడ్ మోటార్ వీపు మీదే ఉంటుంది. ఒకదాని బదులు ఇంకొకటి బిగించవద్దు, ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక ఉండే పెద్ద చక్రం) పళ్లకి పొసగదు. ఈ పాఠం రెండో రకానికి.

మొదట, సీట్ల వెనక ఉన్న బ్యాటరీ ఎర్త్ కేబుల్ తీసేయండి. ఇది తప్పనిసరి. సోలనాయిడ్‌కి వచ్చే లావు కేబుల్‌కి ఫ్యూజు లేదు, తాళం తీసేసినా అందులో కరెంటు ఉంటుంది. స్పానర్ ఒక్కసారి బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. తర్వాత కారుని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టాకే కిందకి దూరండి. వైర్లు విప్పేముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

మోటార్‌ని పట్టి ఉంచేవి రెండే బోల్టులు. కిందది సులువు. పైదానితోనే టెన్షన్: డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచేది) కింద, చెయ్యి పట్టని చోట ఉంటుంది. పొడవాటి ఎక్స్‌టెన్షన్, యూనివర్సల్ జాయింట్ వేసి పై నుంచి అందుకోండి. అయినా అందకపోతే డిస్ట్రిబ్యూటర్ తీయండి. క్లాంప్ బిగించే బోల్టుని మాత్రం ముట్టుకోకుండా, ఆ క్లాంప్ ప్లేటుని ఇంజిన్‌కి పట్టి ఉంచే రెండు స్క్రూలు విప్పి, ప్లేటుతో సహా బయటకి లాగండి. అప్పుడు టైమింగ్ చెదరదు. దాని అడుగున ఉన్న నాలుక మధ్యకి కాకుండా కాస్త పక్కకి ఉంటుంది కాబట్టి తిరిగి ఒకే తీరుగా కూర్చుంటుంది. ఆఖరి బోల్టు ఊడేటప్పుడు మోటార్ కింద చెయ్యి ఆనించండి, బరువు ఎక్కువ.

కొత్త మోటార్‌ని బిగించకముందే నేల మీద కాలితో గట్టిగా అదిమిపెట్టి, జంపర్ కేబుళ్లతో తిప్పి చూడండి. పినియన్ (మోటార్ చివరి చిన్న పళ్లచక్రం) ముందుకి దూకి తిరగాలి. మోటార్ ఆనే చోట ఇంజిన్ ప్లేటు మీదున్న జిడ్డు, పెయింటు గీకేయండి. మోటార్‌కి ఎర్త్ అందేది అక్కడినుంచే. రెండు బోల్టుల్నీ ముందు వేళ్లతో ఎక్కించి, ఆ తర్వాతే స్పానర్ పట్టండి. బ్యాటరీ కేబుల్ అన్నిటికన్నా ఆఖర్న.

వచ్చే పాఠం డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల గురించి. ఫీలర్ గేజ్ ఒకటి దగ్గర పెట్టుకోండి.