క్వారంటైన్ ట్యాంక్ పాఠాలు - 2: ముందు స్పాంజ్, తర్వాతే చేప

పోయిన పాఠంలో క్వారంటైన్ కోసం, అంటే కొత్త చేపల్ని పెద్ద ట్యాంకులో కలిపే ముందు జబ్బులున్నాయేమో చూడ్డానికి విడిగా ఉంచడం కోసం, 40 లీటర్ల ట్యాంకు, మూత, హీటర్ సర్దుకున్నాం కదా, ఇంక చేపలు తెచ్చేద్దాం అని చేతులు దురద పెడుతుంటాయి, కాస్త ఆగండి.

నా మొదటి క్వారంటైన్ ట్యాంకులో చేపలు రోగంతో పోలేదు, నేను పెట్టిన నీళ్లకే పోయాయి. కొత్త ట్యాంకు, డబ్బాలోంచి తీసిన కొత్త ఫిల్టర్, అందులో ఆరు నియాన్ టెట్రాలు వదిలా. మూడో రోజుకి అన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తూ ఆయాసపడుతుంటే నేనేమో జబ్బు అనుకుని మందు పోశా, తీరా టెస్ట్ కిట్ తీసి చూస్తే పసుపు రంగులో ఉండాల్సిన ట్యూబు ఆకుపచ్చకి తిరిగిపోయింది. అమ్మోనియా!

చేప తన మొప్పల్లోంచే అమ్మోనియా వదులుతూ ఉంటుంది, దాన్ని ఒకరకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకోరకం నైట్రేట్‌గా మారుస్తాయి, మొదటి రెండూ చేపకి విషమే, మూడోది చాలా నయం. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్‌లోని స్పాంజ్‌ని పట్టుకుని బతుకుతాయి, నీళ్లలో ఉండేవి బాగా తక్కువ. అందుకే "పాత ట్యాంకు నీళ్లు పోస్తే చాలు" అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

కాబట్టి పని ఇదీ. ఎయిర్ పంపుతో నడిచే మామూలు స్పాంజ్ ఫిల్టర్ ఒకటి కొని, ఇప్పుడు చేపలున్న మీ పెద్ద ట్యాంకులో ఓ మూల పెట్టి కనీసం నాలుగు వారాలు ఆపకుండా నడపండి. కొత్త చేపలు వచ్చే రోజే దాన్ని తీసి, పెద్ద ట్యాంకు నీళ్లున్న మగ్గులో ముంచి, అలాగే క్వారంటైన్‌లోకి మార్చండి. గోధుమరంగు మడ్డి పట్టి అసహ్యంగా ఉందని కుళాయి కింద పెట్టి పిండారో, నీళ్లలో క్లోరిన్ ఉంటే నెల రోజుల కష్టం కుళాయి పాలే.

అంత టైం లేదా? పాత ఫిల్టర్ మడ్డిని కొత్త స్పాంజ్ మీద పిండితే కొంత సాయం, కానీ అప్పుడు రోజూ అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ చేసి, ఏది కనిపించినా నీళ్లు మార్చాల్సిందే.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, స్పాంజ్ ప్రయాణం పెద్ద ట్యాంకు నుంచి ఇటే. ఇక్కడ జబ్బు కనిపిస్తే ఆ స్పాంజ్ మళ్లీ అటు వెళ్లకూడదు, వలకీ సైఫన్ పైపుకీ కూడా ఇదే రూలు, వాటికి వేరే సెట్ పెట్టుకోండి.

అడుగున ఇసుక, గులకరాళ్లు వద్దు, రెట్ట ఇరుక్కుంటే కనపడదు. దాక్కోడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు వేస్తే చాలు, చూడ్డానికి బాగోదు, కడగడం మాత్రం నిమిషం పని.

మిథిలీన్ బ్లూ అనే చేపల మందు పోస్తే ఈ బ్యాక్టీరియాకి కూడా దెబ్బే, ఆ గొడవ మందుల పాఠంలో చూద్దాం. ఇవాళ్టికి స్పాంజ్ పెద్ద ట్యాంకులో పెట్టి, తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. మూడో పాఠంలో చేప వచ్చిన మొదటి రోజు, లైటు ఆపి చేయాల్సిన పనులు.