డయాలసిస్ మొదలయ్యే ముందు షుగర్ పేషెంట్లు చూసుకోవాల్సినవి

ఏళ్ల తరబడి షుగర్ పెరగకుండా చూసుకున్నవాళ్లు డయాలసిస్ మొదలయ్యాక అది పడిపోకుండానూ చూసుకోవాలి. ఒంట్లో ఇన్సులిన్‌ను కరిగించేసే పనిలో కిడ్నీలకు పెద్ద వాటా ఉంది. అవి పాడైతే వేసుకున్న ఇన్సులిన్ ఎక్కువసేపు పనిచేస్తుంది. పైగా ఆకలి చచ్చిపోయి ఉంటుంది. దాంతో పాత డోసే ఎక్కువైపోతుంది. అందుకే మొదటి డయాలసిస్‌కి ముందే వాడే మందులన్నీ డాక్టరుకి చూపించండి. మెట్‌ఫార్మిన్, గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మాత్రలు ఇక పనికిరావు. ఇన్సులిన్ చాలామందికి తగ్గించాల్సి వస్తుంది, కానీ ఎంత అన్నది సొంతంగా తేల్చుకోకండి.

మెషిన్ మీద ఉన్న నాలుగు గంటల్లో చెమటలు పట్టినా, మాట తడబడినా అందరూ బీపీ పడిపోయిందనే అనుకుంటారు. మగతగా ఉంటే నిద్రపోతున్నారని దుప్పటి కప్పేస్తారు. అలాంటప్పుడు బీపీతో పాటు షుగర్ కూడా చూడమని గట్టిగా అడగండి. మొహమాటపడే చోటు కాదిది. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) లేని చేతి వేలికే సూది గుచ్చాలి. బీటా బ్లాకర్ (బీపీకి, గుండెకి ఇచ్చే ఒక రకం మందు) వాడేవాళ్లకి గుండెదడ తెలియకపోవచ్చు, చెమట ఒక్కటే గుర్తు కావచ్చు.

షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే సుమారు మూడు టీస్పూన్ల పొడి, కొద్ది నీళ్లతో ఇచ్చి 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. పండ్లరసం మాత్రం వద్దు, అందులోని పొటాషియం మీకు ఇంకో తలనొప్పి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ఇంటికొచ్చాక, ముఖ్యంగా ఆ రాత్రి, షుగర్ మళ్లీ పడిపోవచ్చు. గ్లూకోజ్ మంచం పక్కనే ఉంచుకోండి.

హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) బాగుందని మురిసిపోకండి. రక్తహీనత, దానికిచ్చే ఇంజెక్షన్లు, రక్తం ఎక్కించడం వల్ల అది ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు. గ్లూకోమీటర్ రీడింగులు రాసుకున్న పుస్తకాన్నే నేనైతే ఎక్కువ నమ్ముతాను.

పొట్ట ద్వారా చేసే డయాలసిస్‌లో ద్రవంలోని గ్లూకోజ్ వల్ల షుగర్ పెరుగుతుంది. ఐకోడెక్స్‌ట్రిన్ అనే, గ్లూకోజ్ బదులు ఉండే పదార్థం కలిసిన ద్రవం వాడితే కొన్ని మీటర్లు అబద్ధపు ఎక్కువ రీడింగ్ చూపిస్తాయి. అది నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మీ మీటర్ సరిపోతుందో లేదో ముందే కనుక్కోండి.

అలాగని షుగర్‌ని వదిలేయకూడదు. పెరిగితే దాహం, దాహంతో నీళ్లు, వాటితో రెండు డయాలసిస్‌ల మధ్య బరువు. రోజూ పాదాలు, వేళ్ల సందులు చూసుకోండి. స్పర్శ తగ్గిన కాలికి పుండు పడినా నొప్పి తెలియదు.